తోసేవాడి చేతులు, ట్రాలీ చక్రాలు



హైదరాబాదులో బాలానగర్ దారిన వెళ్లినవాళ్లకు అక్కడి షెడ్ల చప్పుడు పరిచయమే. 1968లో ఏర్పడిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉన్నది అక్కడే. ఆ చుట్టుపక్కల డైలు చేసేవాళ్లున్నారు, ఆ డైలను ప్రెస్సులో బిగించి రేకు కొట్టేవాళ్లున్నారు. డై అంటే రేకును మనకు కావలసిన ఆకారానికి వంచే, కత్తిరించే ఉక్కు అచ్చు. అలాంటి ఒక ప్రెస్ షాపులో నేను చాలాకాలం మెయింటెనెన్సు చూశాను. మా దగ్గర ఒక డై 600 కిలోలు తూగేది. దాన్ని ర్యాకు దగ్గర్నుంచి ప్రెస్సు దాకా తీసుకెళ్లే ట్రాలీ బరువు మరో 150 కిలోలు. రెండూ కలిపి 750. ఆ ట్రాలీకి పాత చక్రాలు అరిగిపోతే కొత్తవి తెప్పించాం. నాలుగూ రబ్బరు చక్రాలే, నాలుగంగుళాలవి. ఒక్కొక్కటి 200 కిలోలు మోస్తుందని కేటలాగులో ఉంది.

అవి బిగించిన రెండో వారం. ర్యాకుకీ ప్రెస్సుకీ మధ్య యాభై అడుగుల దూరం ఉంటుంది. నడుమ నేలలో ఒక కాలువ, కూలెంటు నీళ్లు పోవడానికి తవ్వింది. దాని మీద ఇనుప పలకలు పరిచి ఉంటాయి. రెండు పలకల మధ్య ఎప్పట్నుంచో మూడు వేళ్ల సందు ఉంది. ఆ రోజు ట్రాలీ తోస్తున్న పెద్దాయన ఆ సందు దగ్గరికి రాగానే ముందు చక్రం దిగబడింది. ఆయన అలవాటు ప్రకారం వెనక్కి లాగి, ఊపిచ్చి మళ్లీ తోశాడు. చక్రాన్ని పట్టుకున్న ఫోర్కు వంగిపోయింది. ట్రాలీ ఒక పక్కకు ఒరిగింది. మీద ఉన్న డై జారి అంచుకొచ్చి, నేల మీద పడింది. ఆయన వెనక్కి గెంతాడు కాబట్టి మనిషి దక్కాడు. ఎడమ కాలు రెండు వేళ్లు మాత్రం నలిగిపోయాయి. ఆరు వారాలు పనిలోకి రాలేకపోయాడు.

ఫతేనగర్‌లో వాళ్లింటికి చూడడానికి వెళ్లాను. మంచం మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. చాయ్ ఇప్పించాడు. ఎవర్నీ తిట్టలేదు. ఒకే మాట అడిగాడు: "సారూ, గీ చక్రాలు కొన్నోళ్లు ఒక్కసారన్న ట్రాలీ తోసి చూసిన్రా?"

మర్నాడు ఆఫీసులో ఆ కొనుగోలు ఫైలు తీశాను. కాగితం మూల ఎవరో పెన్సిలుతో లెక్క వేశారు. 750ని 4తో భాగిస్తే 187న్నర. 200 కిలోల చక్రం సరిపోతుంది, ధర కూడా తక్కువ, కొనవచ్చు. కింద మూడు సంతకాలున్నాయి. అందులో ఒకటి నాది. ట్రాలీ తోసే మనిషిని ఆ మూడు సంతకాల్లో ఎవరం అడగలేదు. ఆ రోజు నుంచి ఈ చక్రాల సంగతి నేను వదిలిపెట్టలేదు. ఇవాళ మీతో చెప్పబోయేది ఆ తర్వాత తెలుసుకున్నదే.

ముందు ఆ పెన్సిలు లెక్క చూద్దాం. నాలుగు చక్రాలుంటే బరువు నాలుగు సమానమైన వాటాలుగా పడుతుందని అనుకున్నాం. మన ఇళ్లల్లో ముక్కాలిపీట ఎక్కడ వేసినా కదలకుండా కూర్చుంటుంది. నాలుగు కాళ్ల బల్ల గచ్చు కొంచెం ఎత్తుపల్లాలుంటే చాలు, టకటకమని ఊగుతుంది. ఊగుతోందంటే అర్థం ఒక కాలు గాల్లో ఉందని. ట్రాలీ కూడా అంతే. ఉక్కు చట్రం వంగదు, నేల సాఫుగా ఉండదు. కాబట్టి చాలాసార్లు మూడు చక్రాల మీదే బరువంతా ఉంటుంది. అందుకే ఈ పనిలో ఉన్నవాళ్లు ట్రాలీ సొంత బరువునూ, దాని మీద ఎక్కించే అత్యధిక బరువునూ కలిపి, మూడుతో భాగిస్తారు. 750ని మూడుతో భాగిస్తే 250. మా చక్రం 200ది. అంటే బిగించిన రోజే అది ఓడిపోయి ఉంది, సందు దగ్గర బయటపడింది. ఆ 250 కూడా సాఫు నేల మీద నెమ్మదిగా దొర్లేటప్పటి మాట. పలకల మీద, గుంటల్లో పడి లేచేటప్పుడు తగిలే దెబ్బ వేరు. దానికి ఇంకొంత కలుపుకోవాలి. మా షాపు నేలకు నేను తర్వాత పెట్టుకున్న లెక్క ఒక్కో చక్రానికి 350 కిలోలు.

బరువు ఒక్కటే సరిచూసుకుంటే చాలా? ఆ సందు మాటేమిటి? దీన్ని కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరబడతారు.

సందు వెడల్పు 60 మిల్లీమీటర్లు అనుకోండి. నాలుగంగుళాల చక్రం, అంటే 100 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్నది, ఆ సందులో 10 మిల్లీమీటర్లు దిగుతుంది. ఎనిమిదంగుళాల చక్రం, అంటే 200 మిల్లీమీటర్లది, అదే సందులో 5 మిల్లీమీటర్లు కూడా దిగదు. దిగిన చక్రాన్ని బయటికి తేవాలంటే అడ్డంగా ఎంత బలంతో తొయ్యాలి? చక్రం మీద 100 కిలోల బరువుంటే, చిన్న చక్రానికి 75 కిలోల తోపు కావాలి. పెద్ద చక్రానికి 31 కిలోలు చాలు. ఇది నాకు నేను కల్పించుకున్నది కాదు. హైస్కూలు జ్యామితి తెలిసిన పిల్లలెవరైనా కాగితం మీద గుండ్రం గీసి తేల్చగలరు. రబ్బరు కాస్త నొక్కుకుంటుంది కాబట్టి అసలు అంకె కొంచెం అటూఇటూ అవుతుంది, తేడా మాత్రం పోదు. మా ట్రాలీలో ఆ చక్రం మీద 250 కిలోలున్నాయి. అంటే ఆ పెద్దాయన ఒక్క చక్రాన్ని బయటికి తేవడానికి దాదాపు 190 కిలోల తోపు తొయ్యాల్సి వచ్చింది. ఏ మనిషీ అంత తొయ్యలేడు. అందుకే వెనక్కి లాగి ఊపిచ్చాడు. ఊపిస్తే ఆ దెబ్బ ఫోర్కు మీద పడింది.

గట్టు ఎక్కించడం ఇంకా కష్టం. గుమ్మం పట్టీ, గచ్చు మీద పడేసిన కేబులు పైపు, ఏదైనా సరే, 20 మిల్లీమీటర్ల ఎత్తు ఉందంటే, 100 కిలోల బరువున్న చిన్న చక్రానికి 133 కిలోల తోపు కావాలి. బరువు కన్నా తోపు ఎక్కువ! ఎత్తి అవతల పెట్టడమే తేలిక. పెద్ద చక్రానికి అదే గట్టు మీద 75 కిలోలు. కాబట్టి చక్రం కొనే ముందు టేపు పట్టుకుని ట్రాలీ వెళ్లే దారంతా నడవాలి. ఎక్కడ సందుంది, ఎక్కడ గట్టుంది, ఎక్కడ వాలుంది రాసుకోవాలి. నేను చూసినంతలో ఈ నడక నడిచిన కొనుగోలు ఆఫీసరు అరుదు.

ఇక రబ్బరు దగ్గరికి వద్దాం. బరువైన యంత్రాలకు బీడు చక్రాలున్నాయి, నైలాన్‌వి ఉన్నాయి, పాలీయురితేన్‌వి ఉన్నాయి, మనవాళ్లు వాటినే పీయూ వీల్స్ అంటారు. అవన్నీ ఉండగా రబ్బరు ఎందుకు? మూడు పనులు రబ్బరు చేసినంత బాగా ఇంకేదీ చెయ్యదు. నేలను కాపాడుతుంది, దెబ్బను మింగుతుంది, చప్పుడు చెయ్యదు. నైలాన్ చక్రాల మీద బీడు సామాను ఎక్కించుకుని ఎగుడుదిగుడు గచ్చు మీద తోసుకెళితే షెడ్డంతా గడగడలాడుతుంది. పక్కన మనిషి అరిచి చెప్పినా వినపడదు. ఎనిమిది గంటలు ఆ మోతలో ఉన్న చెవుల సంగతి ఆలోచించండి. ట్రాలీ మీద ఉన్నది కొలత పరికరమో, కరెంటు ప్యానెలో అయితే ఆ అదురుకు లోపలి స్క్రూలు సడలిపోతాయి. అలాంటి చోట రబ్బరే సరైనది.

రబ్బరుకు ఈ గుణాలన్నీ పుట్టుకతో రాలేదు. చెట్టు పాల నుంచి వచ్చిన పచ్చి రబ్బరు ఎండకు జిగటగా కరుగుతుంది, చలికి పెళుసెక్కుతుంది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ దాన్ని గంధకంతో కలిపి వేడి చేస్తే గట్టిపడి, సాగే గుణం పోకుండా నిలుస్తుందని కనిపెట్టాడు. 1844లో పేటెంటు తీసుకున్నాడు. మన ట్రాలీ చక్రం మీద ఉన్నది ఆ వల్కనైజ్ చేసిన రబ్బరే. గట్టిదనాన్ని కొలిచే పరికరం ఒకటుంది, చేతిలో ఇమిడేంత ఉంటుంది. మొన రబ్బరులో ఎంత దిగితే ముల్లు అంత తక్కువ అంకె చూపిస్తుంది. ఆల్బర్ట్ షోర్ 1920లలో తెచ్చిన పరికరం అది. ఆయన పేరు మీదే షోర్ ఏ అని అంకె చెబుతారు. కారు టైరు పైపొర 60కీ 70కీ మధ్య ఉంటుంది. బరువు మోసే రబ్బరు చక్రం 65 నుంచి 80 దాకా ఉంటుంది. పీయూ 90కి అటూఇటూ. మెత్తగా ఉంటే చప్పుడు తగ్గుతుంది, నేలకు మంచిది, కానీ బరువు కింద నొక్కుకుపోయి తోపు ఎక్కువ అడుగుతుంది. గట్టిగా ఉంటే తేలిగ్గా దొర్లుతుంది, చప్పుడు పెరుగుతుంది. ఈ రెంటికీ మధ్య ఎక్కడ ఆగాలో నేల చెబుతుంది, తోసే మనిషి చెబుతాడు.

మా లేతు సెక్షనులో ఒక చక్రాన్ని విప్పి బల్ల మీద పెట్టి చూసినప్పుడు కనిపించింది చెబుతాను. ఏడాది కిందట కొన్నది. రబ్బరు ఉబ్బి, ఫోర్కుకు రాసుకుంటోంది. బొటనవేలితో నొక్కితే లొత్తపడింది, వేలికి నల్లగా, జిడ్డుగా అంటింది. దాని నిండా లేతు మీంచి రాలిన ఉక్కు తురుము గుచ్చుకుని ఉంది. నూలు చుట్టల్లాగా మెలికలు తిరిగిన ముక్కలు కొన్ని, సూదుల్లాంటివి కొన్ని. చాకుతో ఒక ముక్క పీకితే రబ్బరు పెచ్చుతో సహా ఊడింది. కారణం నూనె. సహజ రబ్బరు మినరల్ ఆయిలును పీల్చుకుంటుంది. పీల్చుకుని ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, ఆ మెత్తదనంలో తురుము దిగబడుతుంది. తర్వాత ఆ తురుమే గచ్చును గీకుతుంది. నేలను కాపాడుతుందని వేసిన చక్రం నేలను పాడు చేస్తుందన్నమాట. కటింగ్ ఆయిలు, గ్రీజు, డీజిలు ఒలికే చోట నైట్రైల్ రబ్బరు అడగాలి, లేదా పీయూకు మారాలి. ఎండలో, వానలో, ఆవిరి దగ్గర ఉండే వాటికి ఈపీడీఎం అనే రబ్బరు నిలుస్తుంది, కానీ దానికీ నూనె పడదు. పెయింటు ఆరబెట్టే ఓవెనులోకి వెళ్లే ట్రాలీకి మామూలు రబ్బరు అసలు పనికిరాదు. అక్కడ సిలికాన్ రబ్బరు, లేకపోతే ఆ వేడికి తట్టుకునే ఫినాలిక్ చక్రాలు వేస్తారు. "రబ్బరు చక్రం కావాలి" అని మాత్రమే చెబితే దుకాణదారు ఏది చేతికందితే అది ఇస్తాడు. ఆయన తప్పేముంది? అడిగినవాళ్లు అంతే అడిగారు.

మందుల కంపెనీలకు ఇంకో సంగతి ముఖ్యం. జీడిమెట్ల, పాశమైలారం, అటు విశాఖ దగ్గర పరవాడ, ఇక్కడంతా ద్రావకాలతో పని. మామూలు రబ్బరు కరెంటును పోనివ్వదు. ట్రాలీ దొర్లుతున్నకొద్దీ దాని మీద స్థిరవిద్యుత్తు పేరుకోవచ్చు. ద్రావకం ఆవిరి ఉన్న గదిలో ఒక్క చిన్న నిప్పురవ్వ చాలు. అలాంటి చోట కరెంటు నేలలోకి దిగిపోయేలా చేసిన కండక్టివ్ రబ్బరు చక్రాలే వాడాలి. అవి వేసినంత మాత్రాన అయిపోదు, నేల కూడా కరెంటును పోనిచ్చేదై ఉండాలి, చక్రానికి మైనం, పెయింటు అంటి ఉండకూడదు. ఇక నల్ల రబ్బరులో బొగ్గుమసి ఉంటుంది, ఎపాక్సీ గచ్చు మీద చారలు పడతాయి. చారలు పడనివి బూడిద రంగులో దొరుకుతాయి. రంగు చూసి మోసపోవద్దు. బూడిద రంగు చక్రం చారలు పడనివ్వదు గానీ, కరెంటును పోనిస్తుందని హామీ లేదు. రెండూ వేరువేరు సంగతులు, రెండూ విడివిడిగా అడిగి తెలుసుకోవాలి.

రబ్బరుకు మరో బలహీనత ఉంది. కదలకుండా నిలబడితే ఒక పక్క అణిగిపోతుంది. బరువైన యంత్రాన్ని చక్రాల మీదే ఆరు నెలలు నిలిపి ఉంచి, ఒకరోజు కదిలిస్తే అది లొడలొడమంటూ నడుస్తుంది. అలాంటి వాటికి చక్రాల పక్కనే జాకీ కాళ్లు పెట్టుకోవాలి. జరపాల్సినప్పుడు చక్రాలు, నిలబెట్టాల్సినప్పుడు జాకీలు.

ఇప్పుడు చాలా ఫ్యాక్టరీల్లో నాలుగైదు ట్రాలీలను గొలుసుకట్టుగా కట్టి బ్యాటరీ బండితో లాగిస్తున్నారు. మంచిదే, మనిషి నడుము బతుకుతుంది. కానీ మనిషి తోసే ట్రాలీని అవే చక్రాలతో బండికి తగిలిస్తే ముప్పు. రబ్బరు నొక్కుకుని, మళ్లీ లేచి, మళ్లీ నొక్కుకుని దొర్లుతుంది. నొక్కుకున్న ప్రతిసారీ లోపల కొంచెం వేడి పుడుతుంది. రబ్బరు వేడిని బయటికి తొందరగా వదలదు. నడక వేగంలో ఆ వేడి లెక్కలోకి రాదు. వేగం పెరిగితే లోపల్లోపల వేడెక్కి, బీడుకూ రబ్బరుకూ మధ్య అతుకు విడిపోతుంది. ఒకరోజు రబ్బరు గాజులాగా చుట్టూ ఊడి పక్కకు దొర్లిపోతుంది. అందుకే అంతర్జాతీయ ప్రమాణాల్లో ఈ రెంటికీ వేరువేరు పుస్తకాలు పెట్టారు. గంటకు 4 కిలోమీటర్ల లోపు వేగానికి ఐఎస్ఓ 22883, అంతకు మించి 16 కిలోమీటర్ల దాకా ఐఎస్ఓ 22884. కేటలాగులో "200 కిలోలు" అని ఉంటే, ఏ వేగానికి అని అడగండి.

ఇరుసుకు కందెన పెట్టాలని మనకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. సుమతీ శతకంలో కరణాల గురించి చెప్పడానికి ఎత్తుకున్న పోలిక కూడా అదే. అయినా షెడ్డులో కీచుమంటూ తిరిగే ట్రాలీని రోజూ చూస్తాం, రోజూ వింటాం, ఎవరం గ్రీజు గన్ను తియ్యం. బేరింగు లేకుండా ఉత్త బొక్కతో వచ్చే చక్రాలు చవక. తక్కువ బరువులకు, అప్పుడప్పుడు జరిపే వాటికి సరిపోతాయి. రోజంతా తిరిగే బరువులకు బాల్ బేరింగు కానీ, రోలర్ బేరింగు కానీ ఉండాల్సిందే. గుంటూరు వైపు నూలు మిల్లుల్లో అయితే ఇంకో బెడద. నేల మీద పడ్డ నూలు పోగు ఇరుసుకు చుట్టుకుని, రోజుకు కొంచెం కొంచెం బిగిసి, చివరికి చక్రాన్ని పూర్తిగా ఆపేస్తుంది. అక్కడ చక్రానికి రెండు పక్కలా మూతలున్నవి తీసుకోవాలి. భీమవరం రొయ్యల ప్లాంట్లలో నీళ్లు, ఉప్పు, క్లోరిన్. అక్కడ ఫోర్కు స్టెయిన్‌లెస్ స్టీలుది, బేరింగు సీలు వేసినది కావాలి.

నాలుగు చక్రాల్లో ఏవి తిరగాలి, ఏవి తిరగకూడదు? దుకాణాల్లో రివాల్వింగు, ఫిక్సు అంటారు. రెండు ఫిక్సు, రెండు రివాల్వింగు ఉంటే, రివాల్వింగువి తోసేవాడి వైపు ఉండాలి. అప్పుడు పిడిని కొంచెం పక్కకు నెడితే ట్రాలీ మలుపు తిరుగుతుంది, తిన్నగా వెళ్లాల్సినప్పుడు తిన్నగా వెళుతుంది. నాలుగూ రివాల్వింగు పెడితే ఇరుకులో అడ్డంగా కూడా జరపవచ్చు. కానీ పొడుగు దారిలో అది ఎటో కొట్టుకుపోతుంది, వాలులో అయితే పట్టుకోవడం గగనం. బ్రేకు విషయంలో కూడా ఒక మెలిక ఉంది. మామూలు బ్రేకు చక్రాన్ని ఆపుతుంది, ఫోర్కు పైనున్న మెడ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. యంత్రం మీద పని చేస్తుంటే కొంచెం కొంచెంగా అది కదిలిపోతుంది. చక్రాన్నీ మెడనూ రెంటినీ బిగించే బ్రేకు అడగాలి. మెడ పైనున్న ప్లేటును ట్రాలీకి బోల్టులతో బిగించండి, వెల్డింగు పెట్టవద్దు. ఆ వేడికి మెడలోని గోళీల దారి గట్టిదనం పోతుంది, గ్రీజు మాడిపోతుంది, చక్రం మార్చాల్సి వస్తే కట్టరు తెచ్చుకోవాలి.

సికింద్రాబాదు రాణీగంజ్‌లో చక్రాల దుకాణాలు వరసగా ఉంటాయి. వెళ్లేటప్పుడు పాత చక్రం ఒకటి సంచీలో వేసుకెళ్లండి, అది ఎలా పాడైందో చూస్తే అనుభవమున్న దుకాణదారే మీకు సగం చెబుతాడు. కొత్త చక్రాన్ని చేతిలోకి తీసుకుని రబ్బరును బొటనవేలితో గట్టిగా నొక్కి వంచి చూడండి. సన్నటి పగుళ్లు కనిపిస్తే అది ఎండకో, గాలికో ఎక్కువకాలం ఉన్న పాత సరుకు. రబ్బరు బీడును కలిసే అంచు వెంట గోరు పెట్టి చుట్టూ తిప్పండి, ఎక్కడా గోరు దిగకూడదు. ఫోర్కును పట్టుకుని మెడను ఆడించండి, లొడలొడ ఉండకూడదు, తిప్పితే మెత్తగా తిరగాలి. వంచిన రేకు ఫోర్కుకూ, మందపాటి ప్లేట్లు వెల్డు చేసిన ఫోర్కుకూ తేడా చేతికే తెలుస్తుంది.

కొన్నాక అసలు పరీక్ష షెడ్డులోనే. బస్తాలు తూచే కొక్కెం కాటా ఒకటి తెచ్చి, నిండు బరువుతో ఉన్న ట్రాలీకి తగిలించి, నేలకు సమాంతరంగా నెమ్మదిగా లాగండి. ట్రాలీ కదిలే క్షణంలో ముల్లు ఎంత చూపిస్తుందో చదవండి. కదిలాక ఎంత చూపిస్తుందో మళ్లీ చదవండి. బ్రిటన్‌లో ఆరోగ్య భద్రత అధికారులు ఇచ్చిన సూచన ప్రకారం, కదిలించడానికి మగవాళ్లకు 20 కిలోలు, ఆడవాళ్లకు 15 కిలోలు మించితే జాగ్రత్తపడాలి. నడుస్తున్నప్పుడు 10, 7. మన దగ్గర 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షనులో కూడా, దెబ్బ తగిలేంత బరువును ఎవరిచేతా ఎత్తించకూడదు, మోయించకూడదు, జరిపించకూడదు అని రాశారు. జరిపించడం అన్న మాట అందులో ఉండేది. ట్రాలీ తోయించడం జరిపించడమే.

మా ప్రెస్ షాపులో ఆ నాలుగంగుళాల చక్రాలతో కాటా కట్టి లాగినప్పుడు ముల్లు 38 దగ్గర నిలిచింది. ఆ పెద్దాయన రోజుకు ఎన్నోసార్లు ఆ 38 కిలోలు తోసేవాడు. మేమెవరం ఎరగం.

ఎనిమిదంగుళాల చక్రాలు తెప్పించాం. నైట్రైల్ రబ్బరు, 350 కిలోలవి, బాల్ బేరింగులు. బిగించాక ఇంకో చిక్కొచ్చింది. చక్రం పెద్దదైంది కాబట్టి ట్రాలీ బల్ల నాలుగంగుళాలు పైకి లేచింది. ప్రెస్సు బల్లకూ దానికీ ఎత్తు కలవలేదు, డైని జరపడం కుదరలేదు. ట్రాలీ కాళ్లు నాలుగంగుళాలు కోసి, మళ్లీ పలకలు వెల్డు చేసి, చక్రాలు బోల్టులతో బిగించాం. చక్రం మార్చేటప్పుడు దాని మొత్తం ఎత్తు కూడా కొలుచుకోవాలని అప్పుడు తెలిసింది. కాలువ మీద పలకలు దగ్గరికి జరిపి ఆ సందు కూడా పూడ్చాం, ఆ పని ఎప్పుడో చెయ్యాల్సింది. కాటా మళ్లీ కడితే 21 చూపించింది. ఇంకా ఒక కిలో ఎక్కువే. అందుకని ఆ డై కదిలించేటప్పుడు ఇద్దరు ఉండాలని షిఫ్టు బోర్డు మీద రాయించాం.

ఆరు వారాల తర్వాత పెద్దాయన పనిలోకి వచ్చాడు. చెప్పులాంటి బూట్లు పోయి ముందు ఉక్కు టోపీ ఉన్న బూట్లు వచ్చాయి కాళ్లకు. ట్రాలీ దగ్గరికి వెళ్లి ముందు చక్రాల వైపు వంగి చూశాడు, అరచేత్తో ఒకదాన్ని తిప్పాడు. డై ఎక్కించాక పక్కన కుర్రాణ్ని రమ్మని పిడి రెండో కొస పట్టించాడు. కాలువ దగ్గరికి రాగానే అలవాటుగా నడక తగ్గించాడు. చక్రాలు పలకల మీదుగా సాగిపోయాయి. వెనక్కి తిరిగి ఆ పలకల వంక ఒకసారి చూసి, "పోదాం పా" అన్నాడు కుర్రాడితో. ఇద్దరూ ప్రెస్సు దాకా ఆగకుండా తోసుకెళ్లారు.